పశువుతో పని - ఒంటికి, మనస్సునకు మేలు
(కంచిలిలో రైతుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)

 

పైరులను గూర్చి పాఠములు చెప్పుట నా వృత్తి. విత్తనము, ఎరువు, తడి - ఇవియే నేను మీతో మామూలుగా మాట్లాడు విషయములు. ఈ దినము మాత్రము దెబ్బ తిన్న రైతును గూర్చి మాట్లాడదలచినాను. ఒంటికో మనస్సునకో దెబ్బ తగిలిన మనిషి కోలుకొనుటకు పశువుతో చేయు పని ఏ విధముగ తోడ్పడును? ఎంతవరకు తోడ్పడును? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పెదను.

ఇవి మన ప్రాంతమునకు ఎంత ముఖ్యమైన ప్రశ్నలో మీకు తెలియును. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు కూలిపోయినవి. వరి పోయిన రైతు మరుసటి కారునకు మరల నారు పోసికొనును. కొబ్బరి పోయిన రైతు పొడుగు రకము మొక్క నాటి ఆరేడు ఏండ్లు ఎదురు చూడవలెను. తాత నాటిన తోట ఒక్క పూటలో నేలకొరిగినప్పుడు పోయినది డబ్బు మాత్రమే కాదు. ప్రొద్దున లేచి పోవలసిన చోటు పోయినది, చేయవలసిన పని పోయినది. దీనికి తోడు మూత్రపిండముల జబ్బు ఇచ్చటి అనేక కుటుంబములను పీడించుచున్నది. పని లేని చేయి, దిగులు పట్టిన మనస్సు ఒకదానినొకటి క్రుంగదీయును.

పశువు సాయముతో మనిషిని బాగుచేయు పద్ధతిని ఇతర దేశములలో గుఱ్ఱములతో ఎక్కువగా పాటించుచున్నారు. డెన్మార్కు దేశమునకు చెందిన లిజ్ హార్టెల్ అను మహిళకు 1944లో పోలియో వచ్చి, మోకాళ్ల క్రింది భాగము స్వాధీనము తప్పినది. గుఱ్ఱము ఎక్కుటకు, దిగుటకు మరియొకరి సాయము కావలసియుండెను. అయినను ఆమె సాధన విడువక 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో గుఱ్ఱపుస్వారీ పోటీలో వెండి పతకము గెలిచినది. అటు తరువాత అవయవములు స్వాధీనము లేనివారికి స్వారీ నేర్పు కేంద్రములు ఐరోపాలో పలుచోట్ల వెలసినవి. గుఱ్ఱము నడచునప్పుడు దాని వీపు ముందు వెనుకలకు, ప్రక్కలకు, పైకి క్రిందికి కదలును. మనము కాళ్లతో నడచునప్పుడు నడుమునకు కలుగు కదలికయు అట్టిదే. అందుచేత సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలకు నడుము నిలుపుట, తూకము తప్పకుండుట నేర్పుటకు, తర్ఫీదు పొందినవారి పర్యవేక్షణలో ఈ స్వారీని వాడుదురు.

మనకు గుఱ్ఱము పెండ్లి ఊరేగింపులో తప్ప కనబడదు. కాని ఆవు, ఎద్దు మన పెరటిలోనే ఉన్నవి. స్వారీ వలన నడుమునకు కలుగు మేలు వీటి వలన కలుగదు. మనస్సునకు కలుగు మేలు మాత్రము కలుగును. ఎందుకనగా గుఱ్ఱమునకు, ఆవునకు స్వభావములో ఒక పోలిక కలదు. రెండును గడ్డి మేయు జంతువులు. అడవిలో పులికి, తోడేలుకు భయపడి బ్రతికిన జాతులు. కావున ఎదుటివాని నడక, చేతి విసురు, గొంతు మార్పు - వీటిని చప్పున కనిపెట్టును. కోపముతో శాలలోనికి పోయిన మనిషిని చూచి ఆవు వెనుకకు జరుగును, పాలు చేపదు. అదే మనిషి ఊపిరి నెమ్మది చేసికొని, చేయి మెత్తన చేసికొని పోయినచో మెడ చాచి నిలుచును. పశువును నెమ్మదిపరచవలెనన్నచో ముందు మనము నెమ్మదింపవలెను. ఈ అభ్యాసమును పశువు రోజుకు రెండు పూటల మనచేత చేయించును.

మరియొక సంగతి. దిగులుపడిన మనిషి "నేను ఎవరికిని పనికిరాను" అని తలచును. ఇంటివారు ఓదార్చిన కొలది ఆ తలపు పెరుగవచ్చును. పశువు ఓదార్చదు, ఆకలియై అరచును. ఆ అరుపునకు లేచి గడ్డి వేసిన మనిషి తాను ఒకరికి అవసరమని మాటలతో పని లేకుండ తెలిసికొనును.

ఇది ఊహ మాత్రమే కాదు. నార్వే దేశములో మానసిక వ్యాధితో చికిత్స పొందుచున్న 90 మందితో ఒక పరిశోధన జరిపి, 2008లో ఫలితములు ప్రకటించిరి. చికిత్సతో పాటు కొందరు 12 వారములు, వారమునకు రెండు సార్లు, మూడేసి గంటలు పాడి మొదలైన పశువుల వద్ద పని చేసిరి. మిగిలినవారు మామూలు చికిత్స మాత్రమే పొందిరి. ఆ 12 వారములలో గుర్తింపదగిన మార్పు కనబడలేదు. ఆరు నెలల తరువాత చూడగా, పశువుల వద్ద పని చేసినవారిలో "నేను చేయగలను" అను నమ్మకము, కష్టమునకు తట్టుకొను శక్తి పెరిగినవి. జీవన సౌఖ్యము విషయమున మాత్రము మార్పు తేలలేదు. రైతులకు ఇది క్రొత్త పాఠము కాదు. మొక్క నాటిన వారమునకు కాయ కోయబోము గదా!

ఇక ఆచరణకు వత్తము. ఏరువాక పున్నమికి ఎద్దులను కడుగుదుము, కనుమనాడు అలంకరించి పూజింతుము. పండుగనాడు పశువునకు చూపు ఆ శ్రద్ధను దినదినము పావుగంట చొప్పున చూపుడని నా మనవి. బలహీనముగ నున్నవారికి ముందుగా దూడను గాని, సాధువైన ఆవును గాని అప్పగింపవలెను. పొడుచు ఎద్దును, క్రొత్తగా ఈనిన ఆవును అప్పగింపరాదు. వెనుక నుండి పోక, పశువు చూచునట్లు ప్రక్కగా, మెల్లగ పలుకరించుచు పోవలెను. మెత్తని కొబ్బరి పీచుతో మొదట మెడను, గంగడోలును, తరువాత భుజమును, వీపును రుద్దవలెను. ఆవులు ఒకదానినొకటి ఎక్కువగ నాకుకొను చోటు తల, మెడలే. అక్కడ నిమిరినచో చెవులు వాల్చి హాయిగ నిలుచును. ప్రతి దినము ఒకే వేళకు చేయవలెను. మొదటి దినములలో ఇంటివారు ఒకరు తోడుండవలెను, కాని పనిని వారు లాగుకొనరాదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పలుపును చేతికి ఎవరును చుట్టుకొనరాదు. పశువు బెదరినచో వ్రేళ్లు తెగును. డయాలిసిస్ కొరకు చేతికి ఫిస్టులా చేయించుకొన్నవారు ఆ చేతితో పలుపు పట్టనే కూడదు, బరువు లాగకూడదు. మూత్రపిండముల జబ్బు గలవారు ఎండలో పని మాని, ఎంత శ్రమ పడవచ్చునో, ఎంత నీరు త్రాగవచ్చునో డాక్టరును అడిగి నడచుకొనవలెను. ఈసుకపోయిన పిండమును, మాయను ఉత్త చేతులతో తాకరాదు. బ్రూసెల్లోసిస్ అను జబ్బు మనుషులకు కూడ సోకును. పని ముగిసిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ముఖ్యముగ, మనశ్శాంతి కొరకని అప్పు చేసి ఆవును కొనవద్దు. అప్పు తెచ్చు దిగులు ఆవు తీర్చునది కాదు. పశువు లేనివారు ప్రక్క ఇంటి శాలలో చేయి కలిపినను చాలును.

పశువు తోడే గాని వైద్యుడు కాదు. రెండు వారములకు పైగా నిద్ర, తిండి తప్పి, ఏ పనియందును మనస్సు నిలువనివారిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. "ఇక బ్రతుకెందుకు" అనువారిని ఒంటరిగ విడువరాదు. ఆ మాటను తేలికగ తీసికొనరాదు. పురుగుమందు డబ్బాలను పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవిని మరియొకరు ఉంచుకొనవలెను. పైరుల శాఖవాడనుగ ఈ మాట చెప్పుట నా విధి. మేము పైరునకు చెప్పిన మందే ఎన్నో ఇండ్లలో ప్రాణములు తీసినది. టెలిమానస్ అను ప్రభుత్వ సహాయ కేంద్రమునకు 14416 నెంబరుకు ఫోను చేసినచో డబ్బు లేకుండ, రాత్రింబవళ్లు, తెలుగులోనే సలహా దొరకును.

చివరగా తోట మాట. 2019లో నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపు పట్టు వయస్సునకు వచ్చినవి. మొక్క చుట్టు పాదు విడిచి, వరుసల నడుమ స్టైలో వంటి పశుగ్రాసమును వేసికొనవచ్చును. ఇసుక నేలలో అది బాగుగ పెరుగును, నేలకు సత్తువయు చేర్చును. ఆ మేతతో పశువు నిలుచును. పశువు పేడ చివికి ఎరువై కొబ్బరి పాదునకు చేరును. ఈ పనులలో మనిషికి ప్రతి ఉదయము లేవవలసిన కారణమొకటి దొరకును.

మీ వీధిలో తుపాను తరువాతనో, జబ్బు తరువాతనో అరుగు మీద కూర్చుండిపోయిన మనిషి ఉన్నచో, ఆయనకు ధైర్యవచనములు చెప్పుటతో ఆగవద్దు. "మా దూడకు కాస్త మేత వేసి పోవా, బాబూ" అని సాయము అడుగుడు. అడిగించుకొనుట కూడ మనిషికి బలమే.