పింగాణి దీపమునకు వెల కట్టుట
(తల్లిదండ్రుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



చెన్నపట్టణమున మా యింట బల్లమీద ఒక పింగాణి దీపము ఉండెడిది. తెల్లని ఒడలు, దానిపై నీలిపూలు, ఇత్తడి మెడ. అది మా తాతగారు కొన్నది. నూరేండ్లనాటి సీమ సరకనియు, అమ్మినచో వేలకువేలు వచ్చుననియు ఇంటివారందరము నమ్ముచుంటిమి. గత సంవత్సరము మా పెద్దమ్మాయి కళాశాలలో చేరుటకు రుసుము తక్కువపడగా మా చూపు ఆ దీపముపై పడినది. మా తల్లిగారు కొంతసేపు మాటాడక, “చదువుకోసమైతే అమ్ము నాయనా. కాని మోసపోకు, మోసము చేయకు” అనిరి.

మొదట చూపిన పాతసామాను వర్తకుడు దీపమును చేత ఎత్తి చూచి నాలుగువందలన్నాడు. మా ఆశకును ఆయన మాటకును నడుమ నిజమెచ్చట ఉన్నదో తెలిసికొనవలెనని ఇంటికి తిరిగివచ్చితిమి. అప్పుడు నేర్చినది మీకు మనవి చేయుచున్నాము.

మొదట అది నిజమైన పింగాణియా అని చూడవలెను. పింగాణి కేయోలిన్ అను తెల్లమట్టితో చేసి, సుమారు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినది. దీపము వెనుక వెలుగు పెట్టినచో పలుచనిచోట కాంతి ఇవతలికి తోచును. పూతపూసిన మట్టిపాత్రలో తోచదు. ఇత్తడి అమరికను విప్పి వ్రేలితో తట్టినచో మంచి పింగాణి గంటవలె పలుకును. మాది కొంచెము బొంగురు పోయినది. భూతద్దముతో వెదకగా అడుగున వెండ్రుకవంటి బీట కనబడినది.

భూతద్దము మరియొకటి కూడ చెప్పును. పూలు సన్నని చుక్కల కూర్పుగా కనబడినచో అవి అచ్చువేసినవి. కుంచెతో వ్రాసినచో గీత ఒకచోట చిక్కగను, ఒకచోట పలుచగను ఉండును. ఇక పూలకూజాలను తొలిచి దీపములుగా మార్చుటయు కలదు. తరువాత తొలిచిన రంధ్రపు అంచు గరుకుగా నుండును. మంచి కూజాకు అట్టి రంధ్రము వెలను తగ్గించును. మా దీపపు అంచు నునుపుగా నున్నందున అది దీపముగానే పుట్టినదని తెలిసినది.

అడుగునగల ముద్ర మిక్కిలి ముఖ్యము. జర్మనీలోని మైసెన్ కర్మాగారపు జంటకత్తుల గుర్తు పేరుపొందినది. దానిని అనుకరించినవారును పెక్కుమంది. కాబట్టి ముద్ర ఒక్కటే చాలదు. మా దీపము అడుగున మసి తుడువగా “మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్” అని కనబడినది. జపాను 1945 మొదలు 1952 వరకు మిత్రరాజ్యముల ఆక్రమణలో నుండెను. నాటి ఎగుమతి సరకు పెక్కింటిపై ఈ ముద్ర కలదు. సీమ సరకును కాదు, నూరేండ్లదియు కాదు!

ముద్ర చెప్పినదానికి సాక్ష్యము మా యింటనే దొరకినది. తాతగారి చిట్టాపుస్తకము అటకపై నుండెను. ఆయన గొలుసుకట్టు వ్రాత మాకు పట్టుపడలేదు. మా తల్లిగారు చూపు తగ్గినందున, ఈ పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువు మా చిన్నమ్మాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అక్షరమక్షరము చదివించిరి. 1951లో మూర్ మార్కెట్టున దీపము ఒకటి, పదునెనిమిది రూపాయలు, అని యుండెను. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయినది. ఆ పంక్తి మాత్రము నిలిచినది.

వస్తువు నిజముగా నూరేండ్లు దాటినదైనచో 1972 నాటి పురావస్తువుల, కళాఖండముల చట్టము గుర్తుంచుకొనవలెను. అట్టి పురావస్తువులను ప్రైవేటువారు విదేశములకు పంపరాదు. వాటి వ్యాపారమునకు లైసెన్సు కావలెను.

వెల కట్టునపుడు దుకాణదారు అడుగు ధరను చూడక, అట్టి వస్తువు అమ్ముడుపోయిన ధరను విచారింపవలెను. వర్తకుడు అద్దెను, లాభమును మిగుల్చుకొని కొనును. అది అన్యాయము కాదు. ముగ్గురినైన అడుగుట మేలు. పాత తీగపై రబ్బరు పొడియై రాలుచుండును; కావున దీపమును వెలిగించి చూపకుడు. పనివానిచే క్రొత్త తీగ వేయించి, పాత అమరికను దాచియుంచుడు.

తుదకు పాతవస్తువులు సేకరించు ఒకాయనకు బీటను చూపి, తీగ మార్చిన సంగతి చెప్పి, 2,200 రూపాయలకు ఇచ్చితిమి. బీట చూపనిచో మరియొక ఐదువందలు వచ్చియుండునేమో. రుసుములో తక్కిన సొమ్ము అప్పు తెచ్చితిమి, అమ్మాయి చేరినది.

ఆయన చిట్టాలోని పుటను గూడ కోరెను. దానికి నకలు మా చిన్నమ్మాయియే వ్రాసి యిచ్చినది. పుస్తకము మా యింటనే యున్నది. మీ యిండ్లలో పాతవస్తువులతోపాటు పాత కాగితములను గూడ పారవేయవలదని మా ప్రార్థన. సెలవు.