భట్టిప్రోలు ధాతువు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



కలకత్తా నగరమున కాలేజి స్క్వేరు చెంత, పుస్తకపుటంగళ్ళు క్రిక్కిరిసిన పేటలో, శ్రీ ధర్మరాజిక చైత్యవిహారమను బౌద్ధాలయము కలదు. ఆ మహానగరపు మేడల నడుమ అది చిన్న కట్టడమే. కాని అందు పూజలందుకొనుచున్న బుద్ధధాతువు తెలుగునేలనుండి పోయినది. ధాతువనగా మహాత్ముల దేహావశేషము.

దాని పుట్టినిల్లు నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు. అచటి మహాస్తూపము పందొమ్మిదవ శతాబ్దమున కాలువలు, బాటలు వేయించిన అధికారుల కంటికి వట్టి ఇటుకల దిబ్బగా తోచినది. ఇటుకలు బాటలపాలైనవి. చలువరాళ్ళు వెల్లటూరి తూము కట్టడమునకు పోయినవి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ అను పురాతత్త్వజ్ఞుడు త్రవ్వించగా, స్తూపగర్భమున మూడు రాతి ధాతుకరండములు, అనగా మూతగల భరిణెలు, బయల్పడినవి. వానిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూవులు, ముత్యములు, పూసలు ఉండెను. ఎముక తునకయు లభించెను.

ఆ రాతి భరిణెలపై ప్రాకృత భాషలో శాసనములు చెక్కబడియున్నవి. అవి రెండువేల యేండ్లకు పైబడినవి. బ్యూలర్ పండితుడు వానిని చదివి వెల్లడించెను. అందున్నది రాజస్తుతి కాదు, దాతల జాబితా! కురుడనువాడు, కురుని తండ్రి, కురుని తల్లి, శివుడనువాడు కూడి బుద్ధధాతువు నుంచుటకై భరిణె చేయించిరట. ఆ వాక్యమున తలిదండ్రులు కొడుకు పేరుతోనే నిలిచిరి. తక్కినవి గోష్ఠుల పేర్లు, నిగమవాసుల పేర్లు. గోష్ఠియనగా నలుగురు కూడి నడుపుకొను సంఘము. కుబిరకుడను రాజు కూడ అందు సింహగోష్ఠికి ప్రముఖుడుగనే పేర్కొనబడెను.

బుద్ధుని నిర్యాణానంతరము ఆ ధాతువులకై రాజులు యుద్ధసన్నద్ధులైరనియు, ద్రోణుడను బ్రాహ్మణుడు ఎనిమిది పాళ్ళుచేసి కలహము మాన్పెననియు బౌద్ధగ్రంథములు చెప్పును. రాజులు కత్తులు దూయబోయిన వస్తువును భట్టిప్రోలున సామాన్య గృహస్థులు చందాలతో కాపాడిరి.

త్రవ్వకముల పిమ్మట శాసనములున్న భరిణెలు మద్రాసు మ్యూజియమునకు చేరినవి. ధాతువును ప్రభుత్వము మహాబోధి సభ కిచ్చెను. 1920 నవంబరులో వంగదేశపు గవర్నరు రొనాల్డ్‌షే ప్రభువు దానిని సభాధ్యక్షుడైన అశుతోష్ ముఖర్జీగారి చేతికందించగా, నూతన విహారమున ప్రతిష్ఠ జరిగెను. ఆ విహార నిర్మాణమునకు హొనొలూలు వాసిని మేరీ ఫోస్టరు అను ఉదారురాలు ధనమిచ్చెను.

తెలుగువారి నిధి పరదేశమునకు పోయెనే యని కొందరు నొచ్చుకొనవచ్చును. ఆ బాధ న్యాయమైనదే. కాని ఒక మాట విచారింపవలెను. ఆ స్తూపమునకు పూజసేయు గోష్ఠి ఆ యూర నశించి ఎన్నియో శతాబ్దములైనది. రక్షించు సంఘములేని చోట స్తూపము బాటక్రింద కంకరయైనది. సంఘమున్న చోట ఎముకతునక దేవళమునెక్కినది. దాతల పేరు వ్రాసియుండుటచేత అది ఎవరి సొత్తో, ఎవరి భక్తియో నేటికిని తెలియుచున్నది.

భిక్నూరువారికి సిద్ధరామేశ్వరాలయము కలదు, పూర్వుల రాళ్ళు కలవు. చేను దున్నునపుడు అక్షరములున్న రాయి నాగలికి తగిలినచో దానిని గట్టునకు పేర్చకుడు, బావి వరకు వాడకుడు. గ్రంథాలయమునకు తెలియజేయుడు. అటకపై తాటాకుల కట్టయున్నచో పొయ్యిలో పెట్టకుడు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునకు పావలా యిచ్చినవాని పేరైనను చిట్టాలో చెదరక యుండుగాక! వానిని చదువు గోష్ఠి ఈ యూర నిలిచియుండుగాక!

స్వస్తి.