పేరు మరచిన పుస్తకములు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో బాటలు, మంచినీరు, వీధిదీపములు చర్చకు వచ్చుట పరిపాటి. నేడు నేను పిల్లల కథల పుస్తకములను గూర్చి ప్రస్తావింప దలచితిని. ఇది తీరికవేళ ముచ్చటయని తలపవలదు. ఊరిలో గ్రంథాలయము గాని, బడిలో పుస్తకముల బీరువా గాని యున్నచో ఇది మీరు పట్టించుకొనవలసిన విషయమే.

మీలో పెక్కుమందికి బాల్యమున చదివిన కథ యేదో సగము జ్ఞాపకముండును. ఒక గుహ, ఒక మాంత్రికుడు, అట్టమీది తెల్లగుఱ్ఱము కన్నులకు కట్టినట్లుండును. పుస్తకము పేరు మాత్రము తోచదు. కర్త పేరు చిన్నతనమున ఎవరు చూతురు? మనుమరాలికి చెప్పబోవునప్పుడు కథ నడుమ తెగును. "తరువాత ఏమయింది తాతా?" అని పిల్ల అడుగును. తాత వద్ద సమాధానముండదు.

ఇది మతిమరుపు వలన మాత్రమే కలిగినది కాదు. చక్రపాణి, నాగిరెడ్డి గారలు 1947 జూలైలో మద్రాసున 'చందమామ'ను ప్రారంభించిరి. 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దానిని తీర్చిదిద్దిరి. అందు వెలువడిన తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ మున్నగు ధారావాహికలను వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. కాని ఆ కథలతోపాటు ఆయన పేరు అచ్చుపడలేదు. పిల్లలు నెలనెలా సంచికకై కాచుకొని యుండిరే గాని వ్రాసినది ఎవరో ఎరుగరు. ఆయన 2010లో దివంగతులైరి. పత్రికయు 2013 నాటికి నిలిచిపోయినది. బొమ్మల క్రింద మాత్రము వపా, చిత్రా, శంకర్ అను సంతకములుండెడివి. కావున అట్టి కథను వెదకుటకు వచ్చినవారిని రచయిత ఎవరని అడిగి లాభము లేదు. బొమ్మ ఎట్లుండెనో, తాము ఏ తరగతిలో నుండగా చదివిరో అడుగవలెను. తరగతి తెలిసినచో సంవత్సరము తెలియును. సంవత్సరము తెలిసినచో పండ్రెండు సంచికలు తిరుగవేసిన చాలును.

అయితే ఆ పండ్రెండును ఎక్కడ దొరకును? ధారావాహికలో ఒక సంచిక పోయినచో కథకు గండి పడినట్లే. కొందరు గృహస్థులు ఏడాది సంచికలను కలిపి కుట్టించి దాచుకొనిరి. నేడు మనకు మిగిలిన ప్రతులలో అనేకము అట్టివారి చలవయే.

మాస్కో నుండి వచ్చిన తెలుగు పుస్తకముల గతియు నిట్టిదే. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారు అచట నుండి అనువాదములు చేసిరి. రంగుల బొమ్మలతో, స్వల్పమైన వెలకు అవి మన యూళ్లకు చేరెను. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట వాటి రాక నిలిచినది. ఇప్పుడు చినిగిన ప్రతి పోయినచో దాని స్థానమున మరియొక ప్రతి తెప్పించుట సులభము కాదు.

1954 నాటి చట్టము ప్రకారము ప్రచురణకర్తలు ప్రతి పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలోని మూడు గ్రంథాలయములకును పంపవలెను. పంపినవారెందరో అది వేరు సంగతి. అణా కథల పుస్తకము అచ్చువేసినవాడు తపాలా ఖర్చుకు వెనుదీయడా? కావున మన ఊరి బీరువాలోని ప్రతియే కొన్నిటికి చివరి ప్రతి కావచ్చును.

1960 నాటి గ్రంథాలయ చట్టమును అనుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను పంచాయతీల ద్వారా వసూలగుచున్నది. దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలమున జమచేయించుట మీ చేతిలోని పని. డబ్బుతో అవసరము లేని పని మరియొకటి కలదు. పాత పుస్తకములను తూకమునకు వేయునప్పుడు ముందుగా పోవునవి పిల్లల పుస్తకములే. పదిమంది చేతులలో నలిగినందుననే అవి చినుగును. చినిగినందుననే పనికిరానివాటిలో చేరును. ఇది న్యాయము కాదు.

ఇకమీదట అట్టి కట్టలు తక్కెడకు చేరకమునుపు ఊరిలోని విశ్రాంత ఉపాధ్యాయుని ఒకరిని పిలిచి చూపింపుడు. అట్ట ఊడినను పారవేయనీయకుడు. పేరున్న పుట లేకపోయినను లోపల ఒక్క బొమ్మ యున్నచో దానిని ఎవరైన గుర్తింపగలరు.