ఆట మధ్యలో బదిలీలు

(మన సంఘం సభ్యుల, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మోకాళ్ళ నొప్పులు ఈ రెండూ కాకుండా ఇంకేదైనా చెప్పమని కార్యదర్శి గారు షరతు పెట్టారు. కనుక ఈ రోజు బేస్‌బాల్ గురించి మాట్లాడతాను. మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉంటారు. మనలో చాలామందిలాగే నేనూ మా ఆవిడా అప్పుడప్పుడు వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వస్తున్నాం. అక్కడ టీవీ చూసి చూసి డెట్రాయిట్ టైగర్స్ జట్టుకు అభిమానినయ్యాను. నిజం చెప్పాలంటే ఆట కన్నా ఆట చుట్టూ ఉన్న లెక్కలు నన్ను ఎక్కువగా పట్టుకున్నాయి. సర్వీసు రిజిస్టర్లు రాస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపినవాడికి, ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపాలి అనే చర్చ వినబడితే కాలు కదలదు.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మన క్రికెట్‌లో బౌలర్ ఎలాగో అక్కడ పిచర్ అలాగ. పెద్ద లీగులో 30 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా 162 ఆటలు ఆడుతుంది. ఆడడానికి సిద్ధంగా ఉండే జాబితాలో 26 మందే ఉండాలి. దాని వెనక 40 మంది పెద్ద జాబితా ఒకటి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇవి మంజూరైన పోస్టులు. జాబితా నిండి ఉన్నప్పుడు ఒకణ్ణి చేర్చాలంటే ఇంకొకణ్ణి తీయాలి. కింద మైనర్ లీగులని ఉన్నాయి. కుర్రవాళ్ళు అక్కడ తర్ఫీదు పొంది పైకి వస్తారు.

జట్లు తమ ఆటగాళ్ళను ఒకరికొకరు మార్చుకోవచ్చు. దీన్ని ట్రేడ్ అంటారు. దీనికి జూలై నెలాఖరు ప్రాంతంలో గడువు ఉంటుంది. 2018 దాకా ఆగస్టులో కూడా వేరే పద్ధతిలో ట్రేడ్ చేసే వీలుండేది. 2019 నుంచి ఆ దారి మూసేశారు. పై వరసలో ఉన్న జట్టు గడువులోగా మంచి ఆటగాణ్ణి తెచ్చుకోవాలని చూస్తుంది. అడుగున ఉన్న జట్టు ఉన్నవాణ్ణి ఇచ్చేసి కుర్రవాళ్ళను తెచ్చుకుంటుంది. మధ్యలో ఉన్న జట్టు అభిమానికి మాత్రం ఆ నెలంతా నిద్ర పట్టదు.

సోదరులారా, ఈ ట్రేడ్ మనకు కొత్త విద్య కాదు. మనం దీన్ని కమ్యుటేషన్ అంటాం. రేపు నెలనెలా రావలసిన పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని ఈ రోజు ఒక్కసారిగా డబ్బు తీసుకోవడమే కదా కమ్యుటేషన్! తేడా ఒక్కటే. మనకు 15 ఏళ్ళ తరువాత ఆ భాగాన్ని తిరిగి కలుపుతారని నిబంధన ఉంది. బేస్‌బాల్‌లో కలపరు. పోయినవాడు పోయినట్టే.

డెట్రాయిట్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే కథ 1987 నాటిది. అప్పట్లో రెండు లీగుల్లో కలిపి నాలుగు జట్లకే సీజను తరువాత ముందుకు వెళ్ళే అవకాశం ఉండేది. డెట్రాయిట్‌కు, కెనడాలోని టొరాంటో జట్టుకు మధ్య పోటీ నువ్వా నేనా అన్నట్టుంది. డెట్రాయిట్‌కు ఒక పిచర్ తక్కువయ్యాడు. ఆగస్టు 12న అట్లాంటా జట్టు నుంచి డోయల్ అలెగ్జాండర్ అనే 36 ఏళ్ళ పిచర్‌ను తెచ్చుకున్నారు. ఆ ఆటలో అది పెద్ద వయసు. బదులుగా జాన్ స్మోల్ట్జ్ అనే 20 ఏళ్ళ కుర్రవాణ్ణి ఇచ్చారు. అతను మిషిగన్ రాష్ట్రంలోనే పెరిగాడు, చిన్నప్పటి నుంచి టైగర్స్ అభిమాని. ఆ ఏడాది మైనర్ లీగులో అతని లెక్క నాలుగు గెలుపులు, పది ఓటములు.

పెద్దాయన వచ్చి ఏం చేశాడు? 11 ఆటలు మొదలుపెట్టాడు. ఆ పదకొండూ డెట్రాయిట్ గెలిచింది. అతని పేరు మీద తొమ్మిది గెలుపులు నమోదయ్యాయి, ఓటమి ఒక్కటీ లేదు. సగటున తొమ్మిది ఇన్నింగ్సులకు ఒకటిన్నర పరుగులే ఇచ్చాడు. సీజను ఆఖరి మూడు రోజుల్లో టొరాంటోతో ఆడిన మూడు ఆటలూ డెట్రాయిట్ నెగ్గి, మొత్తం మీద రెండే రెండు ఆటల తేడాతో ముందుకు వెళ్ళింది. ఆ తరువాతి సిరీస్‌లో మాత్రం మిన్నెసోటా చేతిలో 4-1 తేడాతో ఓడిపోయింది. అలెగ్జాండర్ ఆడిన రెండు ఆటలూ పోయాయి. 1989తో అతని ఆట ముగిసింది.

ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాడు అట్లాంటాలో 20 సీజన్లు ఆడాడు. మొత్తం 213 గెలుపులు సాధించాడు. కొన్నేళ్ళు ఆఖరి ఇన్నింగ్సులో వచ్చి ఆధిక్యాన్ని కాపాడే పని చేసి, అందులో 154 సార్లు నెగ్గుకొచ్చాడు. 200 గెలుపులు, 150 కాపాడిన ఆటలు రెండూ ఉన్న పిచర్ అతనొక్కడే. 1995లో అట్లాంటా వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 1996లో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు పొందాడు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇప్పుడు అందరూ ఏమంటారంటే, చరిత్రలోనే తెలివితక్కువ బేరాల్లో ఇది ఒకటి అంటారు. నేను ఒప్పుకోను. ఆ 11 ఆటల్లో రెండు మూడు పోయి ఉంటే డెట్రాయిట్‌కు ఆ ఏడు ఏమీ మిగలదు. కుర్రవాడు అంతవాడవుతాడని ఆగస్టు 12న రాసిపెట్టి లేదు. పెద్దాయన గెలుపులు మాత్రం లెక్కలోకి వచ్చాయి, ఊరంతా చూసింది. కొడుకు తండ్రిని అడుగుతాడు: "ఎందుకు నాన్నా కమ్యుటేషన్ తీసుకున్నావు? లెక్క చూస్తే నష్టం కదా!" అని. ఆ డబ్బుతో అతని అక్కకు పెళ్ళయింది, ఇంటికి పైకప్పు పడింది. అవి ఆ లెక్కలో కనబడవు. కనబడనంత మాత్రాన జరగలేదని కాదు. 1987 కాగితం నా బల్ల మీదికి వస్తే నేను సంతకం పెట్టేవాణ్ణి.

అలాగని అన్ని కాగితాల మీదా సంతకం పెట్టమని కాదు. 1990లో బోస్టన్ జట్టు ఇలాంటి పనే చేసింది. ఆగస్టు 30న హ్యూస్టన్ నుంచి లారీ ఆండర్సన్ అనే 37 ఏళ్ళ పిచర్‌ను తెచ్చుకుని, జెఫ్ బాగ్వెల్ అనే 22 ఏళ్ళ బ్యాటర్‌ను ఇచ్చింది. ఆండర్సన్ బాగానే ఆడాడు. కానీ అతను వచ్చింది ఆట చివర్లో ఒకటి రెండు ఇన్నింగ్సులు వేయడానికి. సీజను ముగిసేలోగా మొత్తం 22 ఇన్నింగ్సులు వేశాడు. అలెగ్జాండర్ వేసినవి 88. పైగా ఆండర్సన్ ఆ సీజను తరువాత వెళ్ళిపోయాడు. బోస్టన్ కూడా రెండాటల తేడాతోనే ముందుకెళ్ళి, ఓక్లాండ్ చేతిలో 4-0 తేడాతో ఓడింది. బాగ్వెల్ ఆటంతా హ్యూస్టన్‌లోనే ఆడి 449 హోమ్ రన్లు కొట్టాడు, 1994లో తన లీగులో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు, 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

స్మోల్ట్జ్‌లాగా బాగ్వెల్ విలువ దాగి లేదు. ఆ ఏడు మైనర్ లీగులో పదిసార్లు బ్యాట్ పడితే మూడుసార్లకు పైగా హిట్ కొట్టాడు. అతను ఆడే స్థానంలో బోస్టన్‌కు అప్పటికే వేరే మంచి ఆటగాళ్ళు ఉన్నారు కాబట్టి ఇచ్చేశారు. ఒక నెల అవసరం కోసం, చేతిలో కనబడుతున్న ఇరవై ఏళ్ళ ఆదాయాన్ని రాసిచ్చినట్టయింది. ఆ కాగితం నేను వెనక్కి పంపేవాణ్ణి.

ఇక మూడోది మొన్న మొన్నటిది. 2024లో డెట్రాయిట్‌లో జాక్ ఫ్లాహర్టీ అనే పిచర్ మంచి ఊపు మీదున్నాడు. అతని ఒప్పందం ఆ ఒక్క సీజనుకే. జట్టు వరస బాగాలేదు. గడువు రోజు జూలై 30న అతణ్ణి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చి ఇద్దరు కుర్రవాళ్ళను తెచ్చుకున్నారు. ఆగస్టు 10 నాటికి లెక్క 55 గెలుపులు, 63 ఓటములు. ఇక ఈ ఏటికి ఇంతే అనుకున్నారంతా. అక్కడి నుంచి మిగిలిన 44 ఆటల్లో 31 గెలిచారు! పదేళ్ళ తరువాత మొదటిసారి ముందుకు వెళ్ళారు. అప్పుడు హ్యూస్టన్‌ను ఓడించి, క్లీవ్‌లాండ్ చేతిలో ఐదో ఆటలో ఓడిపోయారు. ఫ్లాహర్టీ ఉంటే ఆ ఐదో ఆట గెలిచేవారేమో అని అభిమానులు తల పట్టుకున్నారు. అటు డాడ్జర్స్ జట్టు అతనితో కలిసి వరల్డ్ సిరీస్ గెలిచింది.

దీనికీ నేను సంతకం పెట్టేవాణ్ణే. తెచ్చుకున్న ఇద్దరిలో ట్రే స్వీనీ అనేవాడు ఆగస్టులోనే పైకి వచ్చి షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడాడు. ఆ 31 గెలుపుల్లో అతని చెయ్యీ ఉంది. తమాషా ఏమిటంటే, 2025 ఫిబ్రవరిలో ఫ్లాహర్టీ తిరిగి డెట్రాయిట్‌తోనే ఒప్పందం చేసుకున్నాడు. కమ్యుటేషన్ సొమ్మూ దక్కింది, పెన్షనూ తిరిగి కలిసింది. పదిహేనేళ్ళు కాదు, ఏడు నెలల్లోనే!

ఇంతవరకు జట్టు వైపు నుంచి చూశాం. ఇప్పుడు ఆ కాగితంలో పేరున్న మనిషి వైపు నుంచి చూద్దాం. మామూలుగా ఆటగాణ్ణి అడిగి ట్రేడ్ చెయ్యరు. ఫోను వస్తుంది, పెట్టె సర్దుకుని వేరే ఊరు వెళ్ళాలి. పిల్లల చదువు మధ్యలో బదిలీ ఉత్తర్వు అందుకున్నవాళ్ళకు నేను వివరించి చెప్పనక్కరలేదు. 1969 అక్టోబరులో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాణ్ణి ఫిలడెల్ఫియాకు ఇచ్చింది. 12 సీజన్లు ఆ జట్టుకే ఆడినవాడు. ఇష్టం వచ్చినట్టు కొని అమ్మడానికి తాను వస్తువును కానని కమిషనర్‌కు ఉత్తరం రాసి, వెళ్ళనని చెప్పి, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తీర్పుతో అతనికి వ్యతిరేకంగా చెప్పింది. 1970 సీజనంతా అతనికి ఆట లేకుండా పోయింది. మరుసటి ఏడు కొద్ది ఆటలతోనే విరమించుకున్నాడు.

కానీ 1973 ఒప్పందంలో ఒక నిబంధన వచ్చింది. పెద్ద లీగులో పదేళ్ళ సర్వీసు ఉండి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అతని సమ్మతి లేకుండా ట్రేడ్ చెయ్యకూడదు. ఫ్లడ్ నష్టపోయాడు, ఫలితం తరువాతివాళ్ళు అనుభవించారు. మన సంఘాల చరిత్ర కూడా చాలావరకు ఇదే.

సర్వీసు లెక్కలో ఇంకో విచిత్రం ఉంది. పెద్ద లీగు జాబితాలో 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీసు. ఆరేళ్ళు నిండితే ఆటగాడు స్వేచ్ఛగా తనకిష్టమైన జట్టుకు వెళ్ళవచ్చు. 2015లో చికాగో కబ్స్ జట్టు క్రిస్ బ్రయంట్ అనే మెరికలాంటి కుర్రవాణ్ణి సీజను మొదలైనప్పుడు కిందే ఉంచి, ఏప్రిల్ 17న పైకి తెచ్చింది. ఏడాది చివర అతని సర్వీసు ఎంత తేలిందో ఊహించండి. 171 రోజులు! ఒక్క రోజు తక్కువై ఇంకో ఏడాది ఆ జట్టులోనే ఉండాల్సి వచ్చింది. అతను ఫిర్యాదు చేస్తే 2020లో మధ్యవర్తి జట్టు పక్షానే తీర్పు చెప్పాడు. అలా మిగిలిన ఏడాదిలో, 2021 జూలై 30న, ఆ జట్టే అతణ్ణి శాన్ ఫ్రాన్సిస్కోకు ట్రేడ్ చేసింది. ఒక్క రోజు తక్కువై ఇంక్రిమెంటు పోగొట్టుకున్నవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, వాళ్ళకు నవ్వు రాదు.

వాళ్ళకూ పెన్షన్ ఉంది. 1980 నుంచి ఉన్న నిబంధన ప్రకారం పెద్ద లీగులో 43 రోజుల సర్వీసుంటే పెన్షన్‌కు అర్హత వస్తుంది. అంతకు ముందు ఆట మానినవాళ్ళకు నాలుగేళ్ళ సర్వీసు కావలసి ఉండేది. అది నిండనివాళ్ళకు ఏళ్ళ తరబడి ఏమీ రాలేదు. 2011లో వాళ్ళకు ఏటా కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు చేశారు. అయితే మనిషి పోతే అదీ ఆగిపోయేటట్టు పెట్టారు. భార్యకు రాదు. ఫ్యామిలీ పెన్షన్ విలువ తెలిసిన సోదరీమణులు ఇక్కడ ఉన్నారు.

అందుకని, జూలై నెలాఖరున టీవీలో పేర్లు అటూ ఇటూ మారుతుంటే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ రోజు జట్టు అవసరం ఎంత? దానికోసం ఇస్తున్న రేపటి విలువ ఈ రోజు కళ్ళకు కనబడుతోందా? వెళుతున్న మనిషికి చెందవలసిన రోజులు, హక్కులు సక్రమంగా చెల్లించామా? మొదటి రెండింటికీ తప్పు జవాబు వచ్చినా ఓర్చుకోవచ్చు, రేపటిని ఎవరూ చూడలేదు. మూడోదానికి రేపటిని చూడనక్కరలేదు, రిజిస్టరు చూస్తే చాలు. అక్కడ ఒక్క రోజు తగ్గించి రాస్తే మాత్రం అది లెక్క కాదు, అన్యాయం.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఇరవై ఏళ్ళ తరువాత ఫలితం చూసి పాత నిర్ణయాలను ఎగతాళి చేసేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. ఇళ్ళలోనూ ఉంటారు. అలాంటివారు కనబడితే ఆ 36 ఏళ్ళ పెద్దాయన తొమ్మిది గెలుపులను గుర్తు చేయండి. వాటిని రికార్డులోంచి ఎవరూ కొట్టెయ్యలేరు.

 టీ సిద్ధంగా ఉందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. సెలవు.