సి.ఆర్.పి. కాగితం

నేను రక్తపరీక్షల లాబొరేటరీలో పనిచేసినదాన్నని గురజాలలో మా వీధి వాళ్ళకందరికీ తెలుసు. అందుకే పక్కింటి అమ్మాయి ఒక సాయంత్రం ఓ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, బాబుకి సి.ఆర్.పి. 48 అట. 10 లోపు ఉండాలని రాశారు. వీడికేమైనా అవుతుందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిల్లవాడికి మూడు రోజులుగా గొంతునొప్పి, జ్వరం.

1930లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఒక వింత గమనించారు. న్యుమోనియా క్రిమి నుంచి తీసిన 'సి' అనే పదార్థాన్ని రోగి రక్తరసంలో కలిపితే తెల్లగా పేరుకుంది. జబ్బు తగ్గాక అదే మనిషి రక్తరసంలో పేరుకోలేదు. అలా బయటపడిన మాంసకృత్తే ఈ సి-రియాక్టివ్ ప్రోటీన్. ఒంట్లో ఎక్కడ వాపు, మంట పుట్టినా కబురంది కాలేయం దీన్ని తయారుచేస్తుంది. కొద్ది గంటల్లోనే పెరగడం మొదలై, రెండు రోజుల్లో పైకెక్కుతుంది. కారణం పోతే సుమారు 19 గంటలకు సగం చొప్పున తగ్గిపోతుంది.

మరి రక్తంలో అన్ని ప్రోటీన్లుండగా దీన్నెలా గుర్తుపడతారు? మనిషి సి.ఆర్.పి.ని మేకకు ఎక్కిస్తారండీ! మేకకది పరాయిది గనుక, దాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు దాని రక్తంలో పుడతాయి. ఒక్కొక్కదానికి రెండు చేతులు. ఆ చేతి కొస సి.ఆర్.పి. మీది ఒక వంపుకి, జాకెట్టు హుక్కు కాజాలో పడ్డట్టు సరిపోతుంది. వీటిని సన్నని లేటెక్సు పూసలకు అంటించి, రక్తరసం చుక్కతో కలుపుతారు. సి.ఆర్.పి. తగినంత ఉంటే పూసలు ఒకదాన్నొకటి పట్టుకుని పాలు విరిగినట్టవుతాయి. తమాషా ఏమిటంటే, అది మరీ ఎక్కువైతే ఒక్కోసారి విరగదు. ప్రతి చేతికీ ఒక్కొక్కటి దొరికాక పక్కదానితో పంచుకోవడమెందుకు? అప్పుడు రక్తరసాన్ని పలుచన చేసి మళ్ళీ చూడాలి.

ఇక అంకె సంగతి. మా పల్నాటి మిరపకాయ పోపులో మాడితే వీధంతా దగ్గుతుంది. ఏ ఇంటి మూకుడో ఘాటు చెప్పదు. సి.ఆర్.పి. కూడా అంతే. గొంతునొప్పికీ పెరుగుతుంది, కీళ్ళవాతానికీ పెరుగుతుంది, ఆపరేషనయిన మర్నాడూ పెరుగుతుంది. లీటరుకు 48 మిల్లీగ్రాములన్నా, డెసిలీటరుకు 4.8 అన్నా ఒకటే. అంకె పక్కన ఏం రాశారో చూసుకుని మరీ భయపడండి!

నిజంగా భయపడవలసిందొకటుంది. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు పిల్లలకు జ్వరమొచ్చి, మోకాళ్ళు, చీలమండలు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. గుండె కవాటాలను పాడుచేస్తుంది. అందులో సి.ఆర్.పి. డాక్టరుకు ఒక సాక్ష్యం మాత్రమే. అది తగ్గింది కదా అని, మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ ఇంజక్షన్లు మానిపించే తల్లుల్ని నేనెరుగుదును. మానిపించకండమ్మా. ఆ సూది ఇప్పటి వాపుకి కాదు, ఆ క్రిమి మళ్ళీ గొంతు చేరకుండా. డాక్టరు చాలనేదాకా, ఏళ్ళ తరబడి వేయించాల్సిందే.

పక్కింటి బాబుకి డాక్టరుగారు గొంతు చూసి మందిచ్చారు. నాలుగో రోజు తీస్తే 12. వాడప్పటికే వీధిలో సైకిలు తొక్కుతున్నాడు. "ఇంకోసారి తీయిద్దామా అక్కా?" అంది వాళ్ళమ్మ. వద్దన్నాను. రెండు మూడు వారాలపాటు కీళ్ళనొప్పులేమైనా అంటాడేమో కనిపెట్టి ఉండమన్నాను.