పరిచర్యకు ప్రమాణము, ప్రమాణమునకు అధికారము



ఈ మహాసభకు నన్ను అధ్యక్షురాలిగా నెన్నుకొన్న మీ యాదరమునకు కృతజ్ఞురాలను. సాక్ష్యాధార పరిచర్య యననేమో, ఆర్చీ కాక్రేన్ 1972లో వైద్యలోకమును దేనిని గూర్చి హెచ్చరించెనో, సాకెట్ 1996లో సాక్ష్యాధార వైద్యము నెట్లు నిర్వచించెనో యెఱిగిన మీ యెదుట వానిని మరల వల్లించుట యనుచితము. ఇన్ని ప్రమాణములు ముద్రితములై యుండగా, వానిలో నెన్ని మన వార్డులలోని మంచముల దరికి చేరుచున్నవి, చేరనివాని నడ్డుచున్న దేమి యనునదియే నా యుద్యోగజీవితమంతయు నేను వాదించిన ప్రశ్న. నేడును దానినే మీ ముందుంచుచున్నాను.

1991లో శాండ్రా ఫంక్, ఆమె సహచరులు కూర్చిన బారియర్స్ స్కేలు ఈ యవరోధములను నాలుగు తెగలుగా విభజించినది: నర్సుకు సంబంధించినవి, ఆసుపత్రికి సంబంధించినవి, పరిశోధనకే సంబంధించినవి, దానిని తెలియజేయు రీతికి సంబంధించినవి. పలుదేశములలో దాని నుపయోగించినవారికి తఱచుగా మొదటివరుసలో కనబడినవి రెండు: పనివేళలో క్రొత్త పద్ధతి నవలంబించుటకు తీరిక లేకపోవుట, సంరక్షణవిధానమును మార్చు నధికారము తనకు లేదని నర్సు యెంచుట. మొదటిదానిని గూర్చి మనము చాల మాటలాడితిమి. రెండవదానియెడ మౌనము వహించితిమి. నా మట్టుకు రెండవదియే మూలము. తక్కినవన్నియు దాని ననుసరించి వచ్చునవే.

దీని నంగీకరింపని పండితులు మనలో నున్నారు. ఎస్టాబ్రూక్స్ బృందము 2003లో ప్రకటించిన సమీక్షలో, పరిశోధనయెడల నర్సుకుగల దృక్పథ మొక్కటియే నిలుకడగా సంబంధము చూపినదని చెప్పి, నర్సుల మనస్సులను మార్చిన చాలునని ఆ పండితులు శిక్షణాశిబిరములు నడుపుచున్నారు. ఆ సమీక్ష పరిశీలించినది వైయక్తిక లక్షణములనే యని వారు విస్మరించుచున్నారు. ఆసుపత్రిని కొలతలోనికే తీసికొనక దోషము నర్సుదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. 1998లో కిట్సన్, హార్వే, మెకార్మాక్‌లు సాక్ష్యముతోపాటు సందర్భమును, తోడ్పాటును నిలిపినది ఇందులకే గదా!

కొన్ని యుదాహరణములు చూడుడు. శస్త్రచికిత్సకు ముందు రోమములను తీయకుండుటయో, తప్పనిసరియైనచో క్లిప్పరుతో కత్తిరించుటయో వలయునుగాని బ్లేడుతో గొఱుగరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టముగా చెప్పినది. క్యాన్యులాను మూడుదినముల కొకసారి విధిగా మార్చక, అవసరమైనప్పుడే మార్చినను సిరవాపు హెచ్చదని ఆస్ట్రేలియాలో క్లేర్ రికార్డ్ నాయకత్వమున జరిగిన పరీక్ష 2012లో చూపినది. తక్కువ బరువుతో పుట్టిన శిశువును వెంటనే తల్లి యెదపై నుంచినచో మరణములు నాలుగవవంతు తగ్గునని, మన దేశముతో సహా అయిదు దేశములలో జరిగిన పరీక్ష 2021లో నిరూపించినది. ఈ సంగతులు తెలిసిన నర్సులు ప్రతి యాసుపత్రిలోను గలరు. కాని కేస్ షీటులో ఆర్డరు వ్రాయునది వేరొకరు, శిశువుల ఐ.సి.యు.లోనికి తల్లిని రానిచ్చునది వేరొకరు. ప్రొసీజరు పుస్తకమును సవరించు సంఘములో నర్సుకు కుర్చీయే లేదు.

నేను స్టాఫ్ నర్సునై చేరిన తొలినాళ్లలో ఒక సర్జికల్ వార్డులో నొక పెద్ద సిస్టరు ఉండెడిది. గొఱిగినవారి కుట్లు ఎట్లు మానెనో, గొఱుగనివారివి ఎట్లు మానెనో ఆమె లాంగ్ నోట్‌బుక్కులో తేదీలవారీగా వ్రాసికొనెడిది. దానిని యూనిట్ ఛీఫునకు చూపగా, ఆయన పుటలు త్రిప్పకయే, గొఱుగకుండ థియేటరుకు పంపుటకు అనుమతి యెవరిచ్చిరని యడిగిరి. ఆమెను మఱియొక వార్డునకు మార్చిరి. ఆ పుస్తకమును గూర్చి యెవరును విచారింపలేదు. ప్రమాణమును కూడబెట్టిన చేతికి దాని నాచరించు హక్కు లేకపోవుటను నేనక్కడ తొలుత చూచితిని. అప్పటినుండి నా వాదము మాఱలేదు.

తీరికలేమియు, తఱచి చూచినచో, అధికారలేమియే. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగుల కొక నర్సు ఉండవలెనని భారత నర్సింగ్ మండలి ప్రమాణము. నైట్‌డ్యూటీలో వార్డంతయు నొక్కతె చూచుకొను స్థితి మీ రెఱుగనిది కాదు. నర్సుకు ఒక్కొక్క రోగి పెరిగినకొలది, శస్త్రచికిత్స జరిగినవారు ముప్పది దినములలో మరణించు సంభావ్యత 7 శాతము చొప్పున హెచ్చుచున్నదని లిండా ఏకన్ బృందము పెన్సిల్వేనియా ఆసుపత్రుల లెక్కలతో 2002లో తెలిపినది. అయినను డ్యూటీలో నెందఱుండవలెనో నిర్ణయించువేళ నర్సు నడుగువారు లేరు.

మన కళాశాలల యొజ్జలకును ఒక మాట చెప్పక తప్పదు. ఏటేట ఎం.ఎస్సీ. విద్యార్థినులచే స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం చేయించుచున్నాము. ప్రీటెస్టు, పాఠము, వారమునకు పోస్టుటెస్టు, మార్కులు పెరిగినవను నిర్ణయము. ఆర్నెల్లకు మరల ఆ వార్డునకుబోయి ఆచరణ మాఱెనా యని చూచిన గ్రంథమేది? వార్డు సిస్టర్ల నోటుపుస్తకములను సేకరించి, పరిష్కరించి, పరిశోధనగా గణించిన విశ్వవిద్యాలయమేది? మనము ఉపేక్షించిన ధనమది.

1947నాటి భారత నర్సింగ్ మండలి చట్టమునకు బదులుగా 2023లో జాతీయ నర్సింగ్, మంత్రసానిత్వ కమిషన్ చట్టము వచ్చినది. ఈ తరుణమున, ప్రతి బోధనాసుపత్రిలోను ప్రొసీజరు పుస్తకమును ఏటేట పరిశీలించు సంఘ ముండవలెననియు, అందు వార్డు సిస్టర్లకు ఓటుహక్కు వలయుననియు, చదువుటకు డ్యూటీలోనే వేళ కేటాయింపవలెననియు, ముఖ్యపరిశోధనల సారమును తెలుగున ముద్రించి ప్రతి వార్డునకు పంపవలెననియు నేను ప్రతిపాదించుచున్నాను. వీనిని సభ తీర్మానములుగా నామోదించి ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు పంపవలయునని నా ప్రార్థన.