ఒక ఎన్నిక, రెండు మార్పులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో భాగంగా 2026 జనవరి 11న జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నా తోటి విద్యార్థే. "ముప్పై ఏళ్లు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పావు, అమెరికా ఎన్నికల గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నాడు. స్వర్ణోత్సవంలో అమెరికా గోల ఎందుకని అడిగాను. "మన సభ్యుల్లో ఎంతమంది పిల్లలు అక్కడున్నారో ఒకసారి లెక్కపెట్టు" అన్నాడు. లెక్కపెట్టాను. ఇంకేమీ అనలేకపోయాను. అక్కడ ఓట్ల పెట్టె తెరిస్తే ఇక్కడ మన ఇళ్లలో నిద్ర పట్టని రోజులివి. అందుకే ఈ మాటలు.

నేను ఏ పార్టీ మంచిది, ఏ నాయకుడు చెడ్డవాడు అన్న జోలికి పోను. ఆ పని మన వాట్సాప్ గ్రూపులు బాగానే చేస్తున్నాయి. ఎటు తూగుతుందో తెలియని ఎన్నిక, ఉద్రిక్తంగా సాగే ఎన్నిక, ఆ దేశపు ప్రభుత్వాన్ని ఎలా మారుస్తుందో చెబుతాను. నాకు అర్థమైనంతలో అలాంటి ఎన్నిక రెండుసార్లు మారుస్తుంది. మొదటిది గెలిచినవాళ్లు వెంటనే తెచ్చే మార్పు. రెండోది, ఆ ఎన్నిక పుట్టించిన భయం వల్ల కొన్నేళ్లకు ఆట నియమాల్లోనే వచ్చే మార్పు. మొదటిది పత్రికల్లో మొదటి పేజీలో వస్తుంది. రెండోది లోపలి పేజీల్లో వస్తుంది గానీ, ఎక్కువ కాలం నిలుస్తుంది.

మొదట నల్లబల్ల మీద మూడు మెట్లు గీశాననుకోండి. కింది మెట్టు అధ్యక్షుడి సంతకం. మధ్య మెట్టు కాంగ్రెస్ చేసే చట్టం. పై మెట్టు రాజ్యాంగం. మన పిల్లలకు సంబంధించిన మూడు విషయాలే ఉదాహరణగా తీసుకుందాం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అది సంతకంతో వచ్చింది. రేపు ఇంకో అధ్యక్షుడు వస్తే సంతకంతోనే పోవచ్చు. గ్రీన్‌కార్డు కోసం మనవాళ్లు ఏళ్ల తరబడి వరుసలో ఉండటానికి ముఖ్య కారణం, కోటా ఉన్న వీసాల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న పరిమితి. అది చట్టంలో ఉంది. ఏ అధ్యక్షుడి సంతకమూ దాన్ని తీసెయ్యలేదు. కాంగ్రెస్ రెండు సభలూ కదలాలి. ఇక అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డకు పౌరసత్వం అన్నది 1868 నాటి 14వ సవరణలోని మాట. తల్లిదండ్రుల్లో ఎవరికీ పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే ఇకపై పుట్టే బిడ్డకు ఆ హక్కు ఉండదంటూ 2025 జనవరి 20న ఒక ఉత్తర్వు వచ్చింది. అంటే పై మెట్టు మీద ఉన్నదాన్ని కింది మెట్టు మీద నుంచి మార్చే ప్రయత్నం. కింది కోర్టులు ఆపాయి, ఇప్పుడు సుప్రీంకోర్టు ముందు ఉంది. రాజ్యాంగాన్నే సవరించాలంటే రెండు సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. ఇన్నేళ్లలో 27 సవరణలే జరిగాయి.

కాబట్టి ఏదైనా వార్త వినగానే కంగారు పడకుండా, ఇది ఏ మెట్టు మీద జరిగిన మార్పు అని అడగండి. సగం ఆందోళన అక్కడే తగ్గుతుంది. మిగతా సగానికి మాత్రం కారణం ఉంది, అది కూడా చెబుతాను.

గెలిచినవాళ్లు వెంటనే మార్చగలిగేది మనుషుల్ని. అమెరికా అధ్యక్షుడు మారితే సుమారు 4 వేల పదవుల్లో కొత్తవాళ్లు వస్తారు. వాటిలో వెయ్యికి పైగా పదవులకు సెనేట్ ఆమోదం కావాలి. వాళ్ల కింద 20 లక్షలకు పైగా మామూలు ఉద్యోగులుంటారు. వాళ్లు ఎవరు గెలిచినా పనిచేస్తారు. అయితే ఇది మొదటి నుంచీ ఇలా లేదు. ఆండ్రూ జాక్సన్ 1828లో గెలిచినప్పటి నుంచి అర్ధశతాబ్దం పాటు, పార్టీ గెలిస్తే పోస్ట్‌మాస్టరు దాకా మారిపోయేవాడు. ఎన్నికల్లో తిరిగినవాడికి ఉద్యోగం, అదే లెక్క. 1881 జూలైలో, తనకు ఉద్యోగం రాలేదన్న కసితో ఒకడు అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిపాడు. సెప్టెంబరులో ఆయన చనిపోయారు. దేశం ఉలిక్కిపడింది. 1883లో పెండిల్టన్ చట్టం వచ్చింది. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకోవడం, పార్టీ మారినా ఉద్యోగం పోకపోవడం అప్పుడు మొదలయ్యాయి.

ఊరు మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదని మన సామెత. ఏ ప్రభుత్వం వచ్చినా కరణంగారు కదలరన్న అర్థంలో మనం చెప్పుకునేవాళ్లం. 1983లో మన రాష్ట్రంలో ఒక్క ఎన్నిక జరిగింది. మరుసటి ఏడాదే కరణాలు, మునసబులు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నా వయసువాళ్లకు ఇది కళ్లముందు జరిగిన చరిత్ర. అది మంచో చెడో ఇప్పటికీ రచ్చబండ దగ్గర వాదించుకుంటాం. కదలదనుకున్నదాన్ని కూడా ఎన్నిక కదిలిస్తుందనడానికి మాత్రం అదే సాక్ష్యం. ఇప్పుడు అమెరికాలో అలాంటి వాదనే నడుస్తోంది. విధానాలతో సంబంధం ఉన్న ఉద్యోగాలను, ప్రభుత్వపు అంచనా ప్రకారమే సుమారు 50 వేలను, తేలిగ్గా తొలగించగలిగే వర్గంలోకి మార్చాలని ప్రస్తుత ప్రభుత్వ ప్రతిపాదన. ప్రజలు ఎన్నుకున్న నాయకుడి మాట ఉద్యోగి వినాలి కదా అన్నది ఒక వాదన. వాతావరణ నివేదిక రాసేవాడు, మందుల్ని పరీక్షించేవాడు నాయకుడి ముఖం చూసి రాయకూడదు కదా అన్నది ఇంకో వాదన. రెండింటిలోనూ పస ఉంది. అందుకే అది తేలిగ్గా తేలే తగాదా కాదు.

ఇప్పుడు రెండో మార్పు దగ్గరికి వస్తాను. అక్కడ అధ్యక్షుణ్ణి నేరుగా ఓట్లతో కాకుండా రాష్ట్రాలవారీ ఎలక్టర్లతో ఎన్నుకుంటారని మీకు తెలుసు. ఇప్పుడు 538 మంది, గెలవడానికి 270 కావాలి. మొదట్లో ఒక్కో ఎలక్టరు రెండు ఓట్లు వేసేవాడు, ఏది అధ్యక్షుడికి, ఏది ఉపాధ్యక్షుడికి అని చెప్పే పని లేదు. 1800లో ఒకే పార్టీకి చెందిన జెఫర్సన్‌కు, బర్‌కు చెరి 73 ఓట్లు వచ్చాయి. ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ జరిపితే గానీ జెఫర్సన్ గెలుపు తేలలేదు. 1804లో 12వ సవరణ తెచ్చి ఆ లొసుగు మూసేశారు. 1932లో రూజ్‌వెల్ట్ నవంబరులో గెలిచి మార్చి 4న గాని గద్దెనెక్కలేదు. మధ్యలో నాలుగు నెలలు బ్యాంకులు వరసగా మూతపడుతుంటే పాత ప్రభుత్వం చేయలేక, కొత్త ప్రభుత్వం రాలేక దేశం అల్లాడింది. ప్రమాణస్వీకారాన్ని జనవరి 20కి జరిపే 20వ సవరణకు 1933 జనవరిలోనే రాష్ట్రాల ఆమోదం పూర్తయింది. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో అధ్యక్ష పదవి తేలింది. చిల్లులు సరిగా పడని ఓటుకాగితాల్ని భూతద్దాలతో చూడాల్సి వచ్చింది. 2002లో చట్టం చేసి ఆ పాత యంత్రాల్ని మార్చడానికి డబ్బిచ్చారు.

2020 సంగతి మనమంతా టీవీల్లో చూశాం. దేశం మొత్తం మీద 70 లక్షల ఓట్ల తేడా. కానీ అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింటిలో కలిపి తేడా సుమారు 43 వేలు. మన అసెంబ్లీ నియోజకవర్గం ఒక్కదానిలోనే అంత మెజారిటీ రావచ్చు. 2021 జనవరి 6న ఓట్ల లెక్కింపు జరుగుతుండగా కాపిటల్ భవనం మీద దాడి జరిగింది. 2022 డిసెంబరులో రెండు పార్టీలవాళ్లూ కలిసి లెక్కింపు చట్టాన్ని సవరించారు. ఓట్లను తోసిపుచ్చే అధికారం ఉపాధ్యక్షుడికి లేదని స్పష్టంగా రాశారు. అభ్యంతరం చెప్పడానికి ఇదివరకు ఒక్కో సభలో ఒక్కరు చాలు, ఇప్పుడు ఒక్కో సభలో ఐదోవంతు మంది కావాలి.

ఇదంతా వింటే దెబ్బ తగిలిన ప్రతిసారీ కట్టు కట్టుకుంటూ ఆ వ్యవస్థ బాగుపడుతోందని అనిపిస్తుంది. అంత నిశ్చింత పనికిరాదు. 1876 చూడండి. టిల్డెన్‌కు ప్రజల ఓట్లు ఎక్కువ వచ్చాయి, ఎలక్టర్లు 184 మంది. ఒక్కటి తక్కువ. హేస్‌కు 165. మిగిలిన 20 మీద తగాదా. 15 మందితో కమిషన్ వేస్తే ప్రతి తగాదాలోనూ 8-7 తేడాతో హేస్ వైపు తీర్పు వచ్చింది. 185-184తో ఆయన గెలిచారు. తెర వెనుక మంతనాలు సాగాయి. 1877 ఏప్రిల్‌లో దక్షిణ రాష్ట్రాల్లో ప్రభుత్వ భవనాలకు కాపలా ఉన్న కేంద్ర సైన్యం వెనక్కి వెళ్లింది. అంతర్యుద్ధం తర్వాత ఓటు హక్కు పొందిన నల్లజాతివారికి అండ పోయింది. పన్నులని, చదువు పరీక్షలని పెట్టి కొన్ని దశాబ్దాల్లో వాళ్ల ఓట్లు లాగేశారు. 1887లో ఓట్ల లెక్కింపుకు చట్టం వచ్చింది నిజమే. కానీ ఆ తగాదా తీర్చిన గదిలో లేనివాళ్లు దాని ఖరీదు దాదాపు 90 ఏళ్లు కట్టారు. ఉద్రిక్తమైన ఎన్నికలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే. పెద్దవాళ్లిద్దరూ రాజీపడొచ్చు, లెక్క మాత్రం మూడోవాడి ఖాతాలో పడుతుంది.

ఆ ఖాతా సరిచేసింది కూడా ఒక ఎన్నికే. కెనెడీ హత్య జరిగిన ఏడాదికి, పౌరహక్కుల పోరాటం ఉధృతంగా ఉన్నప్పుడు 1964 ఎన్నిక వచ్చింది. జాన్సన్‌కు 61 శాతం ఓట్లు, 486 మంది ఎలక్టర్లు. రెండు సభల్లోనూ భారీ ఆధిక్యం. 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. వృద్ధులకు వైద్యం ఇచ్చే మెడికేర్ అదే ఏడాది. అదే అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర జాన్సన్ ఇంకో చట్టం మీద సంతకం పెట్టారు. అంతకుముందు భారతదేశం మొత్తానికి ఏడాదికి ఇచ్చిన కోటా ఎంతో తెలుసా? 1946 చట్టం ప్రకారం 100 మంది. ఆ తలుపు తెరిచింది 1965 చట్టం. 1970లలో గుంటూరు నుంచి, వరంగల్ నుంచి, విశాఖ నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లింది ఆ తలుపులోంచే. మన పిల్లల ప్రయాణం మొదలైంది వాళ్ల తెలివితోనే అని మనం మురిసిపోతాం. తెలివి ఉంది, కాదనను. కానీ తలుపు తీసినవాళ్లలో ఓటు కోసం రోడ్డెక్కి లాఠీ దెబ్బలు తిన్న నల్లజాతి జనం ఉన్నారు. ఇది మన ఇళ్లలో చెప్పుకోవాల్సిన కథ.

ఇక రాబోయేది. ఈ నవంబరు 3న ప్రతినిధుల సభలో 435 స్థానాలకూ, సెనేట్‌లో మూడోవంతుకూ ఎన్నికలు. 2024లో ప్రతినిధుల సభ ఫలితం 220-215. ముగ్గురు అటుంటే అధికారం చేతులు మారేది. అందుకే పదేళ్లకొకసారి జనాభా లెక్కల తర్వాత గీసే నియోజకవర్గాల హద్దుల్ని మధ్యలోనే మార్చేస్తున్నారు. టెక్సాస్ ఒక పార్టీకి అనుకూలంగా గీస్తే, కాలిఫోర్నియా ఓటర్లు రెండో పార్టీకి అనుకూలమైన గీతలకు ఆమోదం తెలిపారు. రెండు పార్టీలు సమఉజ్జీగా ఉన్నప్పుడు పని ఎలా ఆగిపోతుందో నిరుడు అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డప్పుడు చూశాం. సభ చేతులు మారితే చట్టాలు ఆగుతాయి, విచారణలు మొదలవుతాయి, అధ్యక్షుడు మరింతగా కింది మెట్టు మీదనే, అంటే సంతకం మీదనే ఆధారపడతారు. మారకపోతే ఇప్పటి మార్పులు చట్టాలై మధ్య మెట్టుకు ఎక్కే అవకాశం పెరుగుతుంది. రెండు దారుల్లోనూ మన పిల్లల మీద ప్రభావం ఉంటుంది, ఒక్కో దారిలో ఒక్కో రకంగా.

తల్లిదండ్రులుగా మనం చేయగలిగింది కొంచెమే. అక్కడ పౌరసత్వం వచ్చిన పిల్లలు ఓటు వేస్తున్నారా అని అడగండి. జీతం ఎంత అని అడిగే చొరవ మనకుంది, ఇది అడగడానికి మొహమాటం ఎందుకు? నాలుగేళ్లకొకసారి వచ్చే పెద్ద ఎన్నికకే కాదు, ఈ ఏడాది లాంటి మధ్య ఎన్నికకు కూడా వెయ్యమనండి. హద్దులు గీసేది, ఎన్నికలు నడిపేది అక్కడ రాష్ట్రాలే. వీసా మీద ఉన్నవాళ్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ ఎన్నికల్లో ఓటు లేదు. తగాదా తీర్చే గదిలో లేని మూడోవాళ్లు ఈసారి వాళ్లే కావచ్చు. వాళ్ల తరఫున అడగాల్సింది ఓటున్న మనవాళ్లే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క విన్నపం. సాంఘిక శాస్త్రాన్ని మార్కుల కోసం చదివే సబ్జెక్టుగా వదిలెయ్యకండి. ఈ బడి నుంచి వెళ్లే పిల్ల ఏ దేశంలో బతికినా, తన బతుకును మార్చే నిర్ణయం ఏ మెట్టు మీద జరుగుతోందో తెలుసుకుని ఉండాలి. ఆ పాఠం ఎనిమిదో తరగతిలో రాకపోతే, తర్వాత ఎంత పెద్ద ఉద్యోగం వచ్చినా రాదు.